సగం గడియకు ఒప్పుకోని వదిన

మా షెడ్డులో వదిన పనిబల్ల కిటికీ కింద ఉంటుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఒక మూల, ఇనప ముక్కల్ని కదలకుండా పట్టే వైసు బిగించి ఉంటుంది. దాని పక్కన ఆకురాళ్ళు వరసగా ఉంటాయి, ముతకవి ఎడమవైపు, సన్నవి కుడివైపు. వెనకాల ఒక బిస్కెట్ల డబ్బా, దాని నిండా పాత స్ప్రింగులు. వదిన అటు చూడకుండానే అందులో చెయ్యి పెట్టి తనకు కావలసినదాన్ని తీస్తుంది. నేనూ ఒకసారి అలాగే చెయ్యి పెట్టాను. రెండు వేళ్ళకు కట్లు కట్టించుకున్నాను.

ఆ బల్ల అక్కడుండటం మేస్త్రికి ఇష్టం లేదు. షెడ్డు ఆయనదే. కొత్తగా తెచ్చిన గాలి కంప్రెసరు పెట్టడానికి ఆయనకు సరిగ్గా ఆ కిటికీ కిందే చోటు కావాలి. పైగా తాళాలు బాగుచెయ్యడమనే పనే ఆయనకు గిట్టదు. ఏ బండి వచ్చినా ఆయన నోట మొదటి మాట "మార్చెయ్". అద్దం ఎక్కించే పిడి వదులైతే మార్చెయ్. తలుపు కిర్రుమంటే మార్చెయ్. చాటున అందరం ఆయన్ని మార్చెయ్ మేస్త్రి అనే అంటాం. ఒకసారి ఆయన భార్య షెడ్డుకొస్తే మా షెడ్డు పెయింటరు నోరు ఆపుకోలేక, "అమ్మగారూ, జాగ్రత్తండీ, మా మేస్త్రికి పాతవి పడవు" అన్నాడు. ఆవిడ తొణకలేదు. "నా సైజు బజార్లో దొరకలేదు నాయనా, అందుకే ఉంచుకున్నారు" అంది.

నేను అదే షెడ్డులో బండ్ల ఒంటిపని చేస్తాను. సొట్టలు తీయడం, తుప్పు పట్టినచోట కోసి కొత్త రేకు అతకడం నా పని. వదినంటే మా అన్నయ్య భార్య. ఆమెకు తాళాల పని ఎవరూ నేర్పలేదు. ఒక తలుపు నేర్పింది.

పెళ్ళైన కొత్తలో వాళ్ళున్న అద్దె ఇంట్లో స్నానాలగది గడియ ఇరుక్కుపోయింది. వదిన లోపల, అన్నయ్యా నేనూ బయట. అన్నయ్య మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు మాత్రం గడప దాటవు. ఆ రోజూ అంతే.

"పైకెత్తి లాగు! కాదు కాదు, కిందికి నొక్కి తిప్పు! కంగారుపడకు, నేనిక్కడే ఉన్నాగా!"

"మీరున్నారనే కంగారు. కాసేపు మాట్లాడకుండా ఉండండి."

అరగంట తర్వాత తలుపు తెరుచుకుంది. వదిన ఒక చేతిలో వంకర తిరిగిన జడపిన్ను, ఇంకో చేతిలో విప్పిన గడియ ముక్కలు. కాపాడండని ఏడుస్తూ వస్తుందనుకున్నాం. వస్తూనే, "ఇందులో నరం తెగింది. అతికించొచ్చు" అంది. నరమంటే స్ప్రింగు. అప్పటినుంచి మా ఇంట్లో, తర్వాత షెడ్డులో కూడా, స్ప్రింగును ఎవరూ స్ప్రింగు అనలేదు.

అన్నయ్యకు అప్పట్లో తాళంచెవులు కోసే చిన్న బంకు ఉండేది. ముందు కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పేది ఆయన, వెనక కూర్చుని ఆకురాయి పట్టేది వదిన. కొన్నేళ్ళకు ఆయనకు అద్దె ఇళ్ళు చూపించే పని దొరికింది. మాట్లాడటమే పనైన పని. మనిషి సుఖపడ్డాడు. బంకు మూతపడింది. వదిన ఆ వైసును విప్పి భుజాన వేసుకుని మా షెడ్డుకొచ్చింది. అది పదకొండేళ్ళ కిందటి మాట. పాత బండ్లకు తలుపు తాళాలు దొరకని రోజులు కావడంతో మేస్త్రి కూడా సరేనన్నాడు.

ఇక అసలు సంగతి.

ఒక సోమవారం పొద్దున మా షెడ్డుకు ఒక వ్యాను వచ్చింది. వయసు నలభై దాటింది. ముందు దీపాలు గుండ్రంగా, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుండే మొహం దానిది. తోలుకొచ్చింది నర్సమ్మగారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ వ్యానులోనే తిరిగి పిల్లలకు టీకాలు వేశారు. ఆసుపత్రి దాన్ని వదిలించుకున్నప్పుడు తనే తెచ్చుకున్నారు. నేల రేకులు, రంగు, ఇంజను, అన్నీ మళ్ళీ మొదట్లో ఉన్నట్టు చెయ్యాలన్నారు. అవి ఆరు వారాల్లో అయిపోయాయి. మిగిలింది పక్క తలుపు.

ఇరవయ్యేళ్ళు మనుషులు ఎక్కి దిగిందీ, మందుపెట్టెలు ఎక్కించి దించిందీ ఆ తలుపులోంచే. కిందటేడు ఒక మలుపులో అది తనంతట తను తెరుచుకుని మందుపెట్టె రోడ్డు మీద పడింది. ఆ తలుపు పక్క సీట్లో ఎవరూ లేకపోబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఆవిడ దాన్ని తాడుతో కట్టి తిప్పుతున్నారు. ఆరు వారాల తర్వాత ఇంకో సోమవారం, ఆ తలుపు సంగతి తేల్చుకోవడానికి ఆవిడ మళ్ళీ వచ్చారు.

"తలుపు కోసేసి కొత్త కారు తాళం పెట్టేస్తానమ్మా. ఒక్క పూట పని" అన్నాడు మేస్త్రి.

"అది నా వ్యాను తలుపు లాగుంటుందా?"

"లోపల కొంచెం తేడా ఉంటుంది. బయట ఒక చిల్లు కనిపిస్తుంది. పిడి కూడా మార్చెయ్యాలి."

వదిన అప్పటికే వ్యాను పక్కన నించుని ఉంది. తలుపును మెల్లగా దగ్గరికి నెట్టింది. 'టక్' మని ఒక్క చప్పుడు. మళ్ళీ నెట్టింది. మళ్ళీ ఒక్కటే.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. పాత బండి తలుపు తాళం అరచేతంత ఉక్కు డబ్బా. అందులోంచి బయటికి పొడుచుకొచ్చే ముక్కను మేం నాలుక అంటాం. తలుపు వేస్తే అది చట్రానికి బిగించిన ఇంకో ముక్కలోకి దిగుతుంది. దాన్ని దవడ అంటాం. దవడలో రెండు మెట్లుంటాయి. నాలుక మొదటి మెట్టులో ఆగితే సగం గడియ. తలుపు పడినట్టే ఉంటుంది, గతుకు తగిలితే తెరుచుకుంటుంది. రెండో మెట్టులోకి దిగితే పూర్తి గడియ. దాని చప్పుడు వేరు, 'టక్‌టక్' మని రెండుసార్లు వినిపిస్తుంది.

"సగం గడియే పడుతోందండీ. నాలుక అరిగింది, బాగుచెయ్యొచ్చు. కోయించకండి" అంది వదిన నర్సమ్మగారితో.

మేస్త్రికి ఒళ్ళు మండింది. "శనివారానికి బండి ఇవ్వాలి. అప్పటికి ఆ తలుపు నిలబడకపోతే?"

"నిలబడుతుంది."

"నిలబడకపోతే కోసి కొత్త తాళం పెడతా. నీ బల్ల కూడా అక్కణ్ణుంచి లేస్తుంది. సరేనా?"

"నిలబడితే?"

"నీ బల్ల జోలికి రాను."

"మాట మీద ఉంటారుగా? నాలుకకు నరం ఉండదంటారు, అందుకని అడుగుతున్నా."

పెయింటరు దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయాడు. నర్సమ్మగారు కళ్ళజోడు సర్దుకుని వదినను కిందినుంచి పైకి చూశారు, నాడి చూడకుండానే జ్వరం ఎంతో చెప్పేవాళ్ళ చూపుతో. "శనివారం పొద్దున్న వస్తానమ్మాయ్" అన్నారు.

వదినకు మిగిలింది అయిదు రోజులు. వెళ్ళడానికి ఇంకో షెడ్డు లేదు. వైసు పెట్టుకునే చోటు లేకపోతే ఆమె మళ్ళీ అన్నయ్య సలహాల మధ్య కూర్చోవాల్సిందే. ఆ మాట నేనంటే, "శత్రువుకు కూడా వద్దు" అంది, అంతే.

తాళం విప్పడానికి ముందు బల్ల మీద పాత తెల్లగుడ్డ పరిచింది. డబ్బాకు కొట్టిన రివెట్ల తలలను డ్రిల్లుతో తీసింది. లోపలి ముక్కల్ని విప్పిన వరసలోనే గుడ్డ మీద పెట్టింది. ఆ గుడ్డ పక్కన ఎవరైనా గట్టిగా నవ్వినా ఊరుకోదు. అన్నిటినీ కిరోసిన్‌లో కడిగింది. నాలుక అంచు చూస్తే నెల రోజులు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా అరిగిపోయి ఉంది. నరం కూడా నీరసించింది.

అరిగిన ముక్కను పెంచాలంటే అది మొదట్లో ఎంత ఉండేదో తెలియాలి కదా. వ్యానుకు అవతలి వైపున్న తలుపుకూ అదే తాళం, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది. ఆ తలుపుకు లోపల మందుల బీరువా అడ్డంగా ఉండటంతో దాన్ని ఎవరూ తెరవలేదు. నాలుక కొత్తదానిలా ఉంది. వదిన బట్టలుతికే సబ్బును తీగతో పలచని బిళ్ళగా కోసింది, మంచి నాలుకను దానిలోకి ఇవతలికి దిగేదాకా నొక్కి తీసింది. చిల్లు పడిన ఆ బిళ్ళను తిరగేస్తే అటువైపు కొలత ఇటువైపుకు సరిపోతుంది. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావంటే, "బట్టలుతుకుతూ" అంది. 

తర్వాత గ్యాసుమంట నేను పట్టాను, ఇత్తడి కడ్డీ ఆమె పట్టింది. అరిగిన అంచు మీద ఇత్తడి కరిగి పాకి నిలబడింది.

"ఇత్తడి మెత్తన కదా వదినా, మళ్ళీ అరిగిపోదూ?"

"అరగనీ. దవడ అరిగేకంటే నాలుక అరగడం నయం. నాలుకైతే మళ్ళీ పోసుకోవచ్చు."

"మనుషుల్లో ముందు దవడే పగులుతుంది."

"నీది పగలకుండా ఉండాలంటే మంట కదపకు."

రెండున్నర రోజులు ఆకురాయి పట్టింది. నాలుగుసార్లు రుద్దడం, సబ్బుచిల్లులో పెట్టి చూడటం, మళ్ళీ నాలుగుసార్లు. మేస్త్రి అటూ ఇటూ తిరుగుతూ టేపుతో కిటికీ కింద కొలతలు తీసుకున్నాడు, బల్ల మీదుగానే. వదిన తల ఎత్తలేదు. టేపు ఆకురాళ్ళకు తగిలితే మాత్రం దాన్ని రెండు వేళ్ళతో పక్కకు తోసింది.

శుక్రవారం పొద్దున్నే బిస్కెట్ల డబ్బాలోంచి వేరే నరం తీసి వేసి, తాళం డబ్బా మూసి రివెట్లు కొట్టి, తాళం తలుపుకు బిగించింది. అందరం చుట్టూ చేరాం. తలుపు నెట్టింది.

'ధడ్' మని కొట్టుకుని తలుపు వెనక్కి వచ్చేసింది.

ఇంకోసారి నెట్టింది. మళ్ళీ అదే. పూర్తి గడియ మాట అటుంచి సగం గడియ కూడా పడలేదు.

మేస్త్రి చప్పట్లు కొట్టాడు. "శభాష్! పాత తాళంతో కనీసం సగమైనా పడేది. నువ్వు బాగుచేశాక అసలు పడటమే మానేసింది. తియ్యవయ్యా కట్టరు!"

"గడువు రేపు. కట్టరు అక్కడే ఉండనివ్వండి" అంది వదిన. "తాళంలో తప్పులేదు. తలుపులో ఉంది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది!"

"ఓడో కాదో విప్పి చూపిస్తా."

కొవ్వొత్తి వెలిగించి నాలుకకు మసి పట్టించింది. తలుపును మెల్లగా దవడకు ఆనించి మళ్ళీ తెరిచింది. మసి ఎక్కడ అంటితే అక్కడ తగులుతున్నట్టు లెక్క. దవడ కింది పెదవి మీద ఒక నల్లగీత, మూతి మీద ఇంకో గీత. వదిన వంగి చూసింది. వేలుతో దవడ వెనక తడిమింది.

"ఇక్కడ వాచర్లెవరు పెట్టారు?"

ఆ ప్రశ్న ఎక్కడికి వస్తుందో నాకు తలుపు వెనక్కి తన్నినప్పుడే తెలుసు. ఆరేళ్ళ కిందట ఇదే వ్యాను, ఇదే తలుపు పడట్లేదని, ఇదే షెడ్డుకు వచ్చింది. ఆ రోజు వదిన షెడ్డుకు రాలేదు. అరగంటలో పంపెయ్యమన్నాడు మేస్త్రి. తలుపు బరువుకు బందులు వదులై తలుపు కిందికి వాలింది, నాలుక అరిగి పొట్టిదైంది. నేను వాటి జోలికి పోలేదు. చట్రంలో దవడ బిగించే చిల్లుల్ని ఆకురాయితో కిందికి సాగదీసి, దవడను దింపి, దాని వెనక రెండు వాచర్లు, అంటే చిల్లున్న ఇనప బిళ్ళలు, పెట్టి ముందుకు జరిపాను. పొట్టి నాలుకకు దవడే ఎదురెళ్ళింది. తలుపు ఎలాగో పడింది. ఇప్పుడు వదిన నాలుకను దాని అసలు పొడవుకు తెచ్చేసరికి అది నా వాచర్ల దవడకు ఢీకొంటోంది. మలుపులో తలుపు తెరుచుకోవడానికి కూడా నా పనే కారణం. ఆ క్షణం దాకా నేను అలా ఆలోచించలేదు.

మేస్త్రి నా వైపు చూశాడు. నేను మాట్లాడకుండా ఉంటే ఆయనకు లాభం. నేను ఆ షెడ్డులో పనిచేసేవాణ్ణి.

"నేనే వదినా" అన్నాను. "ఆరేళ్ళ కిందట. చిల్లులు కూడా సాగదీశాను."

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నేను చూశాను. "ఆరేళ్ళు అందరూ తాళాన్ని తిట్టారు. పాపం అది వంకర దవడతో కాపురం చేసింది" అంది. తర్వాత, "వాచర్లు రెండేనా, ఇంకెక్కడైనా దాచావా?"

"రెండే."

"అయితే తలుపు పట్టుకో. దించుదాం."

"రేపు పొద్దున్నకి అవ్వదమ్మా" అన్నాడు మేస్త్రి, గొంతు కొంచెం దించి. "ఊరికే పంతానికి పోకు. వాచర్లు తీసి, ఆ సాగదీసిన చిల్లుల్లోనే ఇంకాస్త కిందికి సర్దెయ్, పడిపోతుంది."

"పడుతుంది. ఎన్నాళ్ళు?"

"ఆవిడ నడిపినన్నాళ్ళు."

"ఆ సీట్లో కూర్చునేది ఆవిడ కాదు" అంది వదిన.

తలుపు దించి బందుల పిన్నులు లాగితే నడుము దగ్గర సగం అరిగి ఉన్నాయి. ఎదురుగా లేత్ మిషను నడిపే పెద్దాయన పని ఆపి రెండు కొత్త పిన్నులు, నాలుగు ఇత్తడి తొడుగులు తిప్పి ఇచ్చాడు. వదిన బందుల్లో తొడుగులు దించింది. నేను దవడ వెనక సాగదీసిన చిల్లుల్ని వెల్డింగుతో పూడ్చి అరగదీశాను. దవడ మొదట ఎక్కడ కూర్చునేదో కొలతలు ఎవరి దగ్గరా లేవు. చట్రం మీద పెయింటరు మళ్ళీ రంగు వెయ్యని చిన్న చోటులో, ఫ్యాక్టరీ రంగు మధ్య దవడ ఆకారంలో మెరిసే ఉక్కు కనిపించింది. ఆ అంచు పట్టుకుని కొత్త చిల్లులు వేశాం. వాచర్లు పెట్టలేదు. సాయంత్రం టీ వేళకు తలుపు ఎక్కించి, వదిన ఒక వేలితో నెట్టింది.

టక్‌టక్.

పెయింటరు కుంచె ఎత్తి సెల్యూట్ కొట్టాడు. లేత్ పెద్దాయన రోడ్డు అవతల నుంచే "విన్నా!" అని అరిచాడు.

శనివారం నర్సమ్మగారు వచ్చి తలుపు నాలుగుసార్లు తీసి వేసి చూశారు.

"నించున్న బండిలో ఏ తలుపైనా పడుతుందమ్మా" అన్నాడు మేస్త్రి. "కదిలాక చూడాలి."

"నిజమే" అంది వదిన. "కదిలిద్దాం. మీరా సీట్లో తలుపుకు ఆనుకుని కూర్చోండి మేస్త్రిగారూ, మీకే బాగా తెలుస్తుంది."

"నాకేం పట్టింది? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"మరి నేను కూర్చుంటా. దురద నాదేగా."

"తాడైనా కట్టుకో."

"తాడు తలుపుకీ వద్దు, నాకూ వద్దు."

నేను వద్దన్నాను. నర్సమ్మగారు కూడా తాళంచెవి చేత్తో పట్టుకుని ఒక్క క్షణం ఆగారు. "మెల్లగానే పోతాను. నీకు నమ్మకం ఉందా అమ్మాయ్, పంతమా?" అన్నారు.

"నమ్మకం ఉంది కాబట్టే పంతం అండీ."

గిడ్డంగుల వెనక రోడ్డుకు పోయాం. రోడ్డని పేరే గానీ గుంతల మధ్య అక్కడక్కడా రోడ్డు ఉంటుంది. వదిన వీపు తలుపుకు పూర్తిగా ఆనించి, చేతులు కట్టుకుని కూర్చుంది. ఎదురు సీట్లో నేను, ఆమె కాళ్ళకేసి చూస్తూ, జారితే పట్టుకోవడానికి సిద్ధంగా. మేస్త్రి పక్కనే స్కూటరు మీద, తలుపు కేసి కన్నార్పకుండా చూస్తూ వచ్చాడు. మొదటి మలుపులో మందుల బీరువాలో సీసాలు గల్లుమన్నాయి. తలుపు కదల్లేదు. రెండో మలుపు. గుంతలో చక్రం దిగి లేస్తే నా తల పైకప్పుకు తగిలింది. తలుపు కదల్లేదు. వదిన మొహం పాలిపోయింది, అది నేను చూశాను, కానీ కట్టుకున్న చేతులు విప్పలేదు. మూడో మలుపులో బయట పెద్ద చప్పుడైంది. చూస్తే స్కూటరు గుంతలో పడింది. తలుపునే చూస్తూ వస్తున్న మేస్త్రి ముందున్న గుంతను చూసుకోలేదు. ఆ రోజు ఆ రోడ్డు మీద పడింది ఆయనొక్కడే. మోచెయ్యి గీరుకుంది. నర్సమ్మగారు బండి ఆపి, పెట్టె తెరిచి, అయిదు నిమిషాల్లో కట్టు కట్టారు.

"మండుతుందా?" అని అడిగారు.

"కొంచెం" అన్నాడు మేస్త్రి.

"మంచిది" అన్నారావిడ, ఏ ఉద్దేశంతో అన్నారో గానీ.

వ్యాను తీసుకుని వెళ్ళిపోతూ ఆ పాత తాడును వదిన చేతికిచ్చారు.

కథ అక్కడితో ఒడ్డున పడాలి. పడలేదు. సోమవారం మేం వచ్చేసరికి వదిన బల్ల బయట చూరు కింద ఉంది. కిటికీ కింద కంప్రెసరు కూర్చుంది.

"ఊరికే మాటవరసకు అన్నానమ్మా" అన్నాడు మేస్త్రి, కట్టున్న మోచెయ్యి నిమురుకుంటూ. "చూరు కింద వెలుతురు ఇంకా బాగుంటుంది."

వదిన వాదించలేదు. నా వైపూ పెయింటరు వైపూ చూసింది. ముగ్గురం కంప్రెసరును పక్కకు జరిపాం. మేస్త్రి "ఏయ్, ఏయ్" అన్నాడు గానీ దగ్గరికి రాలేదు. బల్ల మోసుకొచ్చి పాత చోటే పెట్టాం. తర్వాత ఆమె డ్రిల్లు అందుకుని, ఒక్కో కాలి పక్కన సిమెంటు గచ్చులో చిల్లు వేసి, నాలుగు కాళ్ళకూ నాలుగు లావు బోల్టులు దించి బిగించింది. అక్కడితో ఆగలేదు. ముతక ఆకురాయి తీసి నేల మీద కూర్చుంది. నాలుగు బోల్టుల తలల అంచుల్ని, పానా పట్టే అంచులన్నిటినీ, నున్నగా గుండ్రంగా అరగదీసింది. దానికి ఒక పూట పట్టింది. షెడ్డులో ఇంకెవరూ పని చేసినట్టు నాకు గుర్తులేదు.

మేస్త్రి వంగి ఒక బోల్టును పానాతో పట్టి చూశాడు. పానా జారింది.

"ఇప్పుడిది తియ్యాలంటే ఎలా?"

"గచ్చు పగలగొట్టాలి. గచ్చు మీ సొంతమేగా, మీ ఇష్టం."

ఆయన కంప్రెసరు కేసి చూశాడు, బల్ల కేసి చూశాడు. "మరి దీన్నెక్కడ పెట్టుకోను?"

"గోడ వెనక పెట్టి, గొట్టం పొడుగుది తెచ్చుకోండి మేస్త్రిగారూ. చప్పుడు కూడా తగ్గుతుంది" అని వదిన లేచి, చీరకు అంటిన ఇనపరజను దులుపుకుని, వైసులో ఇంకో తాళం బిగించింది.